మదురా పాదం: ఒక జబ్బును గుర్తుపట్టడానికి పట్టిన కాలం

మదురై పేరు చెప్పగానే మనలో చాలామందికి మీనాక్షి అమ్మవారి గోపురాలు గుర్తుకొస్తాయి. తెలుగువాళ్ళకైతే ఆ ఊరితో మరో బంధం కూడా ఉంది. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా మదురైని ఏలిన నాయక రాజులు తెలుగువారు. తిరుమల నాయకుడు కట్టించిన మహలును ఇప్పటికీ యాత్రికులు చూసి వస్తుంటారు. కానీ ప్రపంచంలో ఏ దేశపు వైద్య విద్యార్థికైనా మదురై పేరు పరిచయమయ్యేది ఆ గుడి వల్లా కాదు, ఆ మహలు వల్లా కాదు. ఒక కాలిజబ్బు వల్ల. దాన్ని మామూలుగా మదురా ఫుట్ అంటారు. శాస్త్రపరమైన పేరు మైసిటోమా.

ఇది చర్మం కింద మొదలయ్యే జబ్బు. మట్టిలోనూ ముళ్ళ మీదా ఉండే సూక్ష్మజీవి ఏ ముల్లు గుచ్చుకున్నప్పుడో పాదంలోకి చేరుతుంది. మొదట గోళీకాయంత గట్టి బుడిపె వస్తుంది, నొప్పి ఉండదు. నెలలూ ఏళ్ళూ గడిచే కొద్దీ పాదం లావెక్కుతుంది, చర్మానికి చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి చీముతోపాటు సన్నని గింజలు రాలతాయి. ఆఖరికి ఎముకలు పుచ్చిపోతాయి. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది చెప్పుల్లేకుండా పొలం పని చేసేవాళ్ళకీ, పశువులు కాచేవాళ్ళకీ. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

మహాసభల సంచికలో ఈ జబ్బు గోల ఎందుకని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. దీని చరిత్రలో మన దక్షిణాదికీ, మన రాయలసీమకీ చోటుంది. ఇది మొదటిది. రెండవది నా సొంత సంగతి. దాన్ని ముందు చెప్పేస్తాను.

చిన్నాయన కాలు

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. 1976 వేసవిలో, నేను ఎం.బి.బి.ఎస్. చదువు మధ్యలో సెలవులకు ఇంటికి వెళ్ళాను. డాక్టరు కాబోతున్నవాడు ఊళ్ళోకి వస్తే ఏమవుతుందో మీకు తెలిసిందే. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద ఒక చిన్న ఆసుపత్రి వెలుస్తుంది. మా పొలం కోరుకు చేసే ఒక పెద్దాయన అలాగే వచ్చి కూర్చున్నాడు. బంధుత్వం లేకపోయినా నేను ఆయన్ని చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. తలగుడ్డ తీసి పక్కన పెట్టి, కుడికాలు ముందుకు చాపాడు. పాదం మామూలుకంటే రెండింతలు ఉంది.

"ఎన్నాళ్ళయింది చిన్నాయనా?" అన్నాను.

"నాలుగేండ్లయింటాది నాయనా. నొప్పేం ల్యాదు. అప్పుడప్పుడు చీము కారతాది. చీములో గసగసాల మాదిరి పడతాయి."

నేను పెద్ద తెలిసినవాడిలా తల ఊపి, టౌనుకు వెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నాను. గసగసాల సంగతి నా చెవిని తాకింది గానీ బుర్రలోకి వెళ్ళలేదు. ఆ తరవాత ఏడాది ఊరికి వెళ్ళినప్పుడు చిన్నాయన కర్రల మీద నడుస్తున్నాడు. ఎముకకు క్షయ పట్టిందని చెప్పి మోకాలి కింద తీసేశారట. చీములోని గింజల్ని ఎవరైనా చూశారా అని అడిగాను. "ఎవురూ అడగల్యా నాయనా" అన్నాడు.

1980ల్లో ఇక్కడ, అమెరికాలో, పాథాలజీ నేర్చుకుంటున్నప్పుడు మా గురువుగారు పాఠాల కోసం దాచిన స్లైడుల పెట్టె ఇచ్చారు. అందులో ఒక స్లైడు మీద మదురా ఫుట్ అని రాసి ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. చీముకణాల మధ్యలో గుండ్రంగా ఒక గింజ. అప్పుడు వినిపించింది నాకు చిన్నాయన మాట, పదేళ్ళు ఆలస్యంగా.

ఆయన చెప్పింది ఫిర్యాదు కాదు, రోగనిర్ధారణ. ఈ జబ్బుకున్న మూడు లక్షణాలూ, అంటే నొప్పిలేని వాపూ, చీము కారే చిల్లులూ, గింజలూ, ఆయన నోటినుంచే వచ్చాయి. ఈ మూడూ కలిసి కనిపిస్తే మొదట తలచుకోవలసిన పేరు మైసిటోమా. వినాల్సినవాడికి ఆ సంగతి తెలియలేదు. అప్పటినుంచి ఈ జబ్బును మనుషులు ఎలా గుర్తుపట్టారో తెలుసుకోవాలన్న కుతూహలం నన్ను వదల్లేదు.

పుట్టతో పోలిక

సుశ్రుత సంహితలో క్షుద్రరోగాలని ఒక వర్గం ఉంది. అందులో ఒకదాని పేరు వల్మీకం, అంటే పుట్ట. అరచేతుల్లో, అరికాళ్ళలో, కీళ్ళ దగ్గర, మెడ మీద పుట్టలాగా మెల్లగా పెరిగి, అనేక రంధ్రాలు పడి, రసి కారే వ్యాధి అని వర్ణన. చికిత్స చెప్పేచోట ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. చేతుల మీదా పాదాల మీదా వచ్చి, వాపుతో, ఎన్నో చిల్లులతో ఉన్న వల్మీకాన్ని తెలిసిన వైద్యుడు ముట్టుకోకుండా వదిలెయ్యాలని. వల్మీకం అన్నదంతా మైసిటోమాయే అని నేననను. పాతకాలపు పేర్లలో నాలుగైదు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. కానీ పాదం మీది పుట్ట గురించి చదివినప్పుడు చిన్నాయన కాలే నా కళ్ళముందుకొస్తుంది.

18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి మిషనరీలు తమ లేఖల్లో పురుగుల పుట్ట అనే అర్థం వచ్చే మాటతో ఒక కాలిజబ్బును ప్రస్తావించారని వైద్య చరిత్రకారులు చెబుతారు. అంటే వాళ్ళకు తోచిన పోలిక కూడా పుట్టే. మన తెలుగులో పుట్టకురుపు అనే మాట ఉండనే ఉంది. అయితే ఆ మాటను మనవాళ్ళు క్యాన్సరుకు కూడా వాడారు. చిక్కు ఇక్కడే. పైకి పుట్టలా కనిపించేవన్నీ ఒకటే జబ్బు కాదు. బోదకాలు, ఎముక క్షయ, చాలాకాలం మానని ఎముక చీము, క్యాన్సరు, ఇవన్నీ పాదాన్ని ఉబ్బించగలవు, కొన్ని చిల్లులు కూడా వేయగలవు. వాపునీ చిల్లుల్నీ మన పెద్దలు ఎప్పుడో చూశారు. తేల్చి చెప్పగలిగేది మూడవ లక్షణం, గింజ. దాన్ని పట్టుకోవడానికి మైక్రోస్కోపు రావలసివచ్చింది.

మదురై, బళ్ళారి

1842లో జాన్ గిల్ అనే ఇంగ్లీషు డాక్టరు మదురైలో చూసిన ఒక పాదవ్యాధి గురించి తన నివేదికలో రాశాడు. ఇది తక్కిన వాపుల్లాంటిది కాదు, వేరే జబ్బు అని ఆధునిక వైద్యం గుర్తించడం అక్కడ మొదలయింది. 1846లో మదురై డిస్పెన్సరీలోనే పనిచేసిన కోల్‌బ్రుక్ దాన్ని మదురా ఫుట్ అన్నాడు. ఆ పేరు నిలిచిపోయింది.

ఈ రోజుల్లో చాలా వ్యాసాల్లో ఇంకో వాక్యం కనిపిస్తుంది: గాడ్‌ఫ్రే అనే డాక్టరు మద్రాసులో ఈ జబ్బు కేసును పత్రికలో ప్రకటించాడని. అది చదివినవాళ్ళు మద్రాసు నగరం అనుకుంటారు. నిజానికి గాడ్‌ఫ్రే పనిచేసింది బళ్ళారిలో. బళ్ళారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, దత్తమండలాల్లో ఉండేది. నిజాము 1800లో కంపెనీవాళ్ళకు ఇచ్చేసిన ప్రాంతం అది. నేటి అనంతపురం ప్రాంతమంతా అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉంది. 1882లో గానీ విడి జిల్లా కాలేదు. కాబట్టి 1840ల్లో గాడ్‌ఫ్రే దగ్గరికి కాలు చూపించుకోవడానికి వచ్చిన రైతుల్లో కన్నడిగులతోపాటు తెలుగువాళ్ళు కూడా ఉండే ఉంటారని నా నమ్మకం. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఆ నేల ఎలాంటిదో మాత్రం మనకు తెలుసు: తుమ్మచెట్లు, రాళ్ళు, వానలేని నెలలు, చెప్పులెరగని కాళ్ళు. నూటముప్ఫయ్యేళ్ళ తరవాత మా ఊళ్ళోనూ అదే నేల.

బొమ్మలు గీసిన డాక్టరు

ఈ కథలో ముఖ్యమైన మనిషి హెన్రీ వాన్‌డైక్ కార్టర్. ఈ పేరు డాక్టర్లకు కూడా వెంటనే గుర్తుకురాదు. కానీ గ్రేస్ అనాటమీ పుస్తకం పేరు వినని డాక్టరుండరు. 1858లో వెలువడిన ఆ పుస్తకంలో మాటలు హెన్రీ గ్రేవి, 363 బొమ్మలు కార్టరువి. పుస్తకానికి గ్రే పేరు మిగిలింది. కార్టరు అదే సంవత్సరం ఇండియాకు బయలుదేరి, బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ ఆచార్యుడయ్యాడు.

బొమ్మలు గీసేవాడి కన్ను వేరు. ఏం కనిపిస్తుందని చదివామో అది కాకుండా, ఎదురుగా ఏముందో అది చూడాలి. అలాంటి కన్ను ఉబ్బిన పాదాల మీద పడింది. కోసి తీసిన పాదాలను కార్టరు నిలువునా చీల్చి చూశాడు. కండలోనూ ఎముకలోనూ సొరంగాల్లాంటి దారులు, వాటి నిండా గింజలు. కొన్ని పాదాల్లో నల్లవి, తుపాకిమందు లాగా. కొన్నిట్లో తెల్లవి, పసుపుపచ్చవి, చేపగుడ్ల లాగా. గింజను నలిపి మైక్రోస్కోపు కింద పెడితే దారపు పోగులు అల్లుకున్నట్టు కనిపించింది. ఇది బూజు జాతి పని అని తేల్చి, 1860లో మైసిటోమా అని పేరు పెట్టాడు. గ్రీకులో బూజుగడ్డ అని అర్థం. 1874లో ఆ విషయం మీద రంగుల బొమ్మలతో ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు. గింజ అనేది జబ్బు పక్కన కనిపించే చెత్త కాదు, అసలు జబ్బు అదే అని చెప్పడం కార్టరు చేసిన మేలు.

ఆయన పొరబడిన చోట్లు కూడా ఉన్నాయి. ఆయన దాచిన పాదాల మీద ఎర్రని బూజు ఒకటి పెరిగింది. దాన్ని ఇంగ్లండులో బర్క్‌లీ అనే పేరుమోసిన బూజుల పండితుడు పరీక్షించి, కార్టరు పేరే పెట్టి, ఇదే కారణం కావచ్చునన్నాడు. చివరకు అది గాలిలోంచి వచ్చి వాలిన మామూలు బూజు అని తేలింది. 1875లో కలకత్తా నుంచి లూయిస్, కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు, బూజే కారణమని ఇంకా రుజువు కాలేదని గట్టిగా వాదించారు. వాళ్ళది మొండివాదన కాదు. గింజలోంచి సూక్ష్మజీవిని విడిగా పెంచి చూపించినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. 1888లో కార్టరు ఇండియా వదిలి వెళ్ళేనాటికి కూడా ఆ లోటు అలాగే ఉంది.

ఒకటా, రెండా?

కార్టరు నల్లగింజల్నీ తెల్లగింజల్నీ చూశాడు గానీ, రెండూ ఒకే బూజుకు రెండు రూపాలనుకున్నాడు. అసలు చిక్కుముడి అదే. దాన్ని విప్పడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

1877లో యూరపులో పశువుల దవడకు వచ్చే ఒక జబ్బులో ఇలాంటి గింజలే కనిపించాయి. దానికి ఆక్టినోమైకోసిస్ అని పేరు. 1890ల మొదట్లో కాంథాక్ అనే శాస్త్రజ్ఞుడు ఆ జబ్బుకూ మదురా పాదానికీ ఉన్న పోలికను ఎత్తిచూపాడు. 1893లో లండను రాయల్ సొసైటీకి ఒక వ్యాసం చేరింది. మదురా జబ్బులో ఒకటి కాదు, ఒకటికంటే ఎక్కువ సూక్ష్మజీవులున్నాయన్నది దాని సారాంశం. రాసినవాళ్ళు ఇద్దరు: ఒకరు రూబర్ట్ బాయిస్, మరొకరు ఎన్. ఎఫ్. సర్వేయర్ అనే మన బొంబాయి పార్సీ డాక్టరు. ఇండియా జబ్బును ఇండియా డాక్టరు పరిశోధించి రాయల్ సొసైటీకి చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1894లో అల్జీరియాలో విన్సెంట్ అనే ఫ్రెంచి డాక్టరు తెల్లగింజల్లోంచి సూక్ష్మజీవిని విడిగా పెంచగలిగాడు. దానికి మదురై పేరే పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఆక్టినోమదురా మదురే అంటారు. పేరులో మదురై రెండుసార్లు వస్తుంది. 1898లో ఇక్కడ బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ అనే పాథాలజిస్టు నల్లగింజల్లోంచి బూజును పెంచాడు. రక్తపరీక్షలో ఇప్పటికీ వాడే రైట్ స్టెయిను ఆయనదే. 20వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో లావెరాన్, బ్రుంప్ట్ నల్లగింజల బూజును వర్ణించి పేరు పెట్టారు. అది మదురెల్లా. ఇలా మదురై పేరు సూక్ష్మజీవుల వంశవృక్షంలో రెండు కొమ్మల మీదికెక్కింది.

ఆ రెండు కొమ్మలూ వేరువేరు చెట్లవని స్పష్టంగా విడదీసినవాడు పినువా, 1913లో. 1916లో ఖార్టూమ్‌లో పనిచేస్తున్న చామర్స్, ఆర్చిబాల్డ్ దాన్ని మరింత ఖాయం చేశారు. ఒక రకం నిజమైన బూజు వల్ల వచ్చేది, దాన్ని యూమైసిటోమా అంటాం. రెండవది బూజులా పోగులు పోగులుగా పెరిగే బాక్టీరియా వల్ల వచ్చేది, దాన్ని ఆక్టినోమైసిటోమా అంటాం. అంటే బూజుగడ్డ అన్న కార్టరు పేరు సగం కాళ్ళకే నిజం. పైనుంచి చూస్తే రెండు కాళ్ళూ ఒకేలా ఉంటాయి. పేరూ ఒకటే. కానీ మందు మాత్రం వేరు.

గింజ చెప్పే సంగతి

ఆ రెండింటినీ ఎలా విడదీస్తారో కాస్త వివరంగా చెబుతాను. మనలో డాక్టర్లు కానివాళ్ళకు కూడా ఇది అర్థమయ్యే విషయమే.

మొదట రంగు. గింజ నల్లగా ఉంటే అది బూజే. ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే బాక్టీరియా. తెల్లగా, పసుపుగా ఉంటే మాత్రం కంటితో చెప్పలేం, ఏదైనా కావచ్చు. చిన్నాయన గసగసాలు ఈ మూడవ రకం.

తరవాత మైక్రోస్కోపు. గింజను శుభ్రంగా కడిగి, గాజుపలక మీద పొటాష్ ద్రావకంలో నలిపి చూడాలి, రంగులద్ది చూడాలి. బాక్టీరియా పోగు మందం ఒక మైక్రానుకు లోపే. బూజు పోగు రెండు నుంచి ఐదు మైక్రాన్లుంటుంది. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒక మనిషి కాలుకు ఏ వైద్యం చెయ్యాలో వెంట్రుకలో డెబ్బయ్యో వంతు తేడా తేలుస్తుందన్నమాట. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రి లాబరేటరీ చాలు, చూసే మనిషి ఉండాలి.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. చిల్లులోంచి కారే చీమును దూదితో అద్ది పరీక్షకు పంపిస్తారు. దాంట్లో పైన చేరిన మామూలు బాక్టీరియా పెరుగుతుంది. దానికి మందిస్తారు, కొన్నాళ్ళు చీము తగ్గుతుంది, జబ్బు లోపల అలాగే ఉంటుంది. పంపవలసింది చీము కాదు, గింజ. గింజ దొరక్కపోతే లోతునుంచి చిన్న ముక్క తీసి పంపాలి. సూక్ష్మజీవిని పెంచి చూడడానికి వారాలు పట్టవచ్చు. ఎముక ఎంత పుచ్చిందో ఎక్స్‌రే చెబుతుంది. ఎం.ఆర్.ఐ.లో అయితే తెల్లని వలయం, దాని మధ్యలో నల్లచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క గింజ. 2003లో వెలువడిన ఒక వ్యాసం ఈ గుర్తును రేడియాలజిస్టులకు పరిచయం చేసింది. ఇప్పుడు సూక్ష్మజీవి జన్యువును చదివి పేరు చెప్పే పరీక్షలు కూడా వచ్చాయి, కాకపోతే అవి ఈ జబ్బు వచ్చే పల్లెలకు బాగా దూరంగా ఉన్నాయి.

పేరు తెలిస్తే మందు తెలుస్తుంది

బాక్టీరియా రకం మందులకు లొంగుతుంది. సల్ఫా మందులు, డాప్సోన్, స్ట్రెప్టోమైసిన్ 20వ శతాబ్దం మధ్యకాలం నుంచే ఉన్నాయి. 1980ల్లో మెక్సికోలో వెల్ష్ బృందం అమికాసిన్, కోట్రైమాక్సజోల్ కలిపి వాడి మంచి ఫలితాలు చూపించింది. నెలల తరబడి వాడాలి, కానీ చాలామందికి కాలు దక్కుతుంది.

తెలుగువాళ్ళం కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కోట్రైమాక్సజోల్‌లోని రెండు మందులూ బాక్టీరియా తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకుని వాడుకునే దారిని రెండు చోట్ల అడ్డగిస్తాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లాబరేటరీలో తయారుచేసి చూపించింది, న్యూయార్కు దగ్గర లెడర్లీలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో పనిచేసిన బృందం. ఆయనకు ఈ జబ్బుతో నేరుగా సంబంధం లేదు. కానీ జీవకణానికి ఆ ఆమ్లం ఎంత అవసరమో తెలిసిన తరవాతే దాన్ని అడ్డుకోవడం ఒక వైద్యవిధానంగా స్థిరపడింది.

బూజు రకం సంగతి వేరు. అది మొండిది. ఇట్రాకొనజోల్ వంటి మందును రోజూ ఏడాదో అంతకుమించో వాడాలి, దానితోపాటు ఆపరేషను కూడా చేస్తారు. మందు ఖరీదు, తిరగబెట్టే భయం ఎక్కువ. ఎంత తొందరగా, బుడిపె చిన్నదిగా ఉండగానే కనిపెడితే అంత మేలు. ఆలస్యమైతే ఇవాళ కూడా కాలు తీసెయ్యవలసి వస్తోంది.

చిన్నాయనది ఏ రకమో నాకు తెలియదు, ఇక తెలిసే దారి లేదు. బాక్టీరియా అయితే 1976లో మన ఊళ్ళలో దొరికే మాత్రలతోనే ఆ కాలు మిగిలి ఉండేదేమో. బూజు అయితే బహుశా అప్పటి వైద్యంతో మిగిలేది కాదు. ఏది అయినా గింజను ఒక్కరు చూసి ఉంటే, కనీసం ఆ ప్రశ్న అడిగినట్టయ్యేది.

మదురై నుంచి ఖార్టూమ్‌కి

మైసిటోమా ఒక్క ఇండియాకే పరిమితం కాదు. భూమధ్యరేఖకు దక్షిణంగా 15 డిగ్రీలు, ఉత్తరంగా 30 డిగ్రీల మధ్య ఉన్న ఎండిన నేలల్లో ఎక్కువ. సూడాన్, సెనెగల్, సోమాలియా, మెక్సికో, ఇండియా ఈ పట్టీలోవే. అందరికంటే ఎక్కువ బాధపడ్డ దేశాల్లో సూడాన్ ఒకటి, అందరికంటే ఎక్కువ పని చేసిందీ అదే. 1991లో ఖార్టూమ్‌లో ఈ ఒక్క జబ్బు కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ప్రొఫెసర్ అహ్మద్ ఫహల్ నాయకత్వంలో అది వేలమంది రోగులను చూసింది. ఆ కృషి ఫలితంగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మైసిటోమాను నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. గిల్ నివేదికకూ ఈ గుర్తింపుకూ మధ్య 174 ఏళ్ళు.

బూజు రకానికి ఒక కొత్త మందును క్రమపద్ధతిలో పరీక్షించి చూసిన మొదటి ప్రయోగం కూడా అక్కడే, 2017లో మొదలయింది. జపానులో పుట్టిన ఫోస్రావుకొనజోల్ అనే మందు అది. వారానికొకసారి వేసుకుంటే చాలు, రోజూ వేసుకునే ఇట్రాకొనజోల్‌కు దీటుగా పనిచేస్తుందని 2023లో ఫలితాలు ప్రకటించారు. పొలం పనులు చేసుకునే మనిషికి వారానికొక రోజు మందంటే ఎంత సుఖమో వేరే చెప్పాలా!

అదే 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయింది. ఆ కేంద్రం యుద్ధంలో పూర్తిగా ధ్వంసమయిందనీ, 40 ఏళ్ళకు పైబడి దాచిన నమూనాలూ సమాచారమూ పోయాయనీ 2025లో వార్తలొచ్చాయి. ఇన్నేళ్ళు కూడబెట్టిన తెలివిడి ఎంత తేలిగ్గా చెదిరిపోగలదో ఆ వార్త చదివిన రోజున అర్థమయింది.

మనం చెయ్యగలిగింది

మన సంఘాల తరఫున ఏటా ఊళ్ళల్లో వైద్య శిబిరాలు పెడుతుంటాం. మంచి పని. బీపీ చూస్తాం, షుగరు చూస్తాం, కళ్ళద్దాలిస్తాం. ఈసారి ఒక చిన్న పని అదనంగా చెయ్యమని నా మనవి. వచ్చిన ప్రతి రైతునీ, కూలీనీ కాళ్ళు చూపించమని అడగండి. నొప్పి లేదు కదా అని వాళ్ళు తమంతట తాము చూపించరు. నొప్పి లేకపోవడమే ఈ జబ్బులోని మోసం. గట్టిపడ్డ బుడిపె కనిపిస్తే, ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుందా, చీములో ఏమైనా గింజలు పడుతున్నాయా, ఏ రంగులో పడుతున్నాయని అడగండి. గింజలుంటే వాటిని చిన్న సీసాలో వేసి పాథాలజీ ఉన్న మెడికల్ కాలేజీకి రోగితోపాటు పంపించండి. శిబిరానికి విరాళమిచ్చేవారు మందులతోపాటు గట్టి అట్టలున్న చెప్పులు కూడా పంచితే, అసలు ఈ బాధ మొదలవకుండానే కొందరిని కాపాడినవాళ్ళవుతారు.

ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు మిత్రులకు కూడా ఒక మాట. ఇండియా, మెక్సికో, సూడాన్, సోమాలియాల నుంచి వచ్చినవాళ్ళు మన దగ్గరికి వస్తూనే ఉంటారు. ముల్లు గుచ్చుకున్నది పదేళ్ళ కిందట కావచ్చు. చాలాకాలంగా మానని పాదపు వాపును బయాప్సీకి పంపేటప్పుడు, పుట్టి పెరిగిన ఊరేదో, అక్కడ ఏం పని చేసేవారో ఆ కాగితం మీద ఒక్క లైను రాయండి. స్లైడు చూసే నాబోటివాడికి ఆ ఒక్క లైను ఎంతో సాయం.

చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. కర్రల మీదనే ఆయన ఇంకో పదిహేనేళ్ళు బతికాడు, పొలం మాత్రం మళ్ళీ చెయ్యలేదు. నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా పలకరించేవాడు, ఒక్కసారీ నన్ను నిందించలేదు. ఆయన తన జబ్బు పేరు తప్ప అంతా సరిగ్గా చెప్పాడు. ఆ పేరు నేను చెప్పవలసింది. ఈ వ్యాసం చదివినవాళ్ళలో ఒక్కరైనా, ఎప్పుడో ఎక్కడో ఒక పల్లెటూరి మనిషి చీములో గసగసాల మాదిరి పడుతున్నాయని చెప్పినప్పుడు ఆగి, ఆ గింజను చేతిలోకి తీసుకుంటే నాకంతే చాలు.